ఎవరి చెయ్యి?

"పగిలిపోతుంది. చూస్తూ ఉండండి, తెల్లారేసరికి పగిలిపోతుంది."

ఎల్వా ఆ మాట అనేటప్పటికి పొయ్యి మీద టీ నీళ్ళు కూడా కాగలేదు. ఆ ఉదయం ఇంకా ఏదీ జరగనే లేదు. వంటింటి కిటికీ అద్దానికి నుదురు ఆనించి, కొట్టం వెనక పాత దుప్పట్ల కింద పడుకుని ఉన్న గుమ్మడికాయ వైపు చూస్తూ అంది.

"తెల్లారింది కదమ్మా," అంది కూతురు టెస్సా రొట్టెకి వెన్న రాసుకుంటూ.

"రేపు తెల్లారేసరికి."

"నిన్న కూడా రేపనే అన్నావు."

"నిన్న ఇంత మంచు కురవలేదు. మంచు కురిసి, ఆ వెంటనే ఎండ తగిలితే తోలు బిగుసుకుంటుంది. బిగుసుకున్నది ఊరుకుంటుందా? మీ నాన్న కాయ ఏమైందో చూడలేదూ?"

డెల్బర్ట్ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ మీసాల్లోనే నవ్వాడు. ముందు చేలో అతను పెంచిన కాయ ఆగస్టు వానకి తాగినన్ని నీళ్ళు తాగి, తుపాకి పేలినట్టు పేలింది. పక్కనే నిలబడ్డ డెల్బర్ట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, చావింటికి వెళ్ళినవాడిలా. ఆ సంగతి ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక మిగిలింది కొట్టం వెనకది ఒక్కటే.

"ఆ కాయకి నాకంటే దుప్పట్లు ఎక్కువున్నాయి," అన్నాడు డెల్బర్ట్. "రాత్రి నా కాళ్ళ మీదది కూడా లాక్కుపోయింది మీ అమ్మ. జలుబు నాకు చేసినా పర్లేదు, దానికి చెయ్యకూడదు."

టెస్సా లేచి, పొయ్యి పక్కన మేకుకి వేలాడుతున్న కాలెండరు దగ్గరికెళ్ళింది. రోజుకో కాగితం చింపే కాలెండరు అది. ప్రతి కాగితం వెనక లోకంలోని వింత ఒకటి అచ్చు వేసి ఉంటుంది. ఏడాది పొడుగునా తల్లీకూతుళ్ళ మధ్య అదొక ఆట. అమ్మ భయపడ్డానికి చోటు లేని వింత ఒక్కటైనా చదివి వినిపించాలని టెస్సా పంతం. ఇంతవరకు గెలవలేదు.

"ఇవాల్టిది విను. ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయట."

ఎల్వా కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. ముఖంలో నిజమైన జాలి. "అయ్యో, పాపం! ఒక్కదానికే నాకు ఇంత దడ. మూడూ కలిసి కొట్టుకుంటే దానికి నిద్రెలా పడుతుందే?"

టెస్సా కాగితం ఉండచుట్టి పొయ్యిలో పడేసింది. "మళ్ళీ ఓడిపోయాను నాన్నా."

"ఇంకా రెండున్నర నెలలుందిలే ఏడాదికి," అని డెల్బర్ట్ రంపపు మిల్లుకి వెళ్ళిపోయాడు.

ఎల్వా టీ కూడా తాగకుండా రబ్బరు బూట్లలో కాళ్ళు దూర్చి కొట్టం వెనక్కి నడిచింది. ఒక్కొక్క దుప్పటీ మడిచి కంచె మీద వేసింది. కాయ బయటపడింది. నారింజ రంగులో, కూర్చున్న ఆవంత. ఒక పక్క కాస్త అణిగి, పెద్దావిడ ఒళ్ళు విరుచుకుని పక్కకి ఒరిగినట్టు ఉంటుంది. ఎల్వా రెండు అరచేతులూ దాని మీద పెట్టి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా చుట్టూ తిరిగింది. ఎక్కడైనా మెత్తబడిందా? ఎక్కడైనా వెంట్రుకంత గీత పడిందా? తొడిమ మొదట్లో చెమ్మ దిగిందా? కింద పోసిన ఇసుకలో ఎలుక అడుగులున్నాయా? చీపురుపుల్లతో ఇసుక సాపు చేసింది. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా ఎల్వాకి ఒక అనుమానమే.

జూలై నెలంతా డెల్బర్ట్‌కి మిల్లులో వేకువ షిఫ్టు పడింది. "వెనక తీగ నువ్వు చూసుకో," అన్నాడు. ముందు సాయంత్రమే ఆడపువ్వు మూతిని దారంతో కట్టి, తుమ్మెదలు దూరకుండా కాపు కాసి, తెల్లవారుతూనే మగపువ్వు రేకులు ఒలిచి, ఆ పుప్పొడి కాడని లోపల చుట్టూ అద్ది, మళ్ళీ దారం బిగించింది ఎల్వా. చెయ్యి వణికితే పుప్పొడి రాలిపోతుందేమోనని ఊపిరి బిగబట్టింది. నిలవదనే అనుకుంది. పిందె నిలిచింది. నిలిచింది రాలిపోతుందనుకుంది. పెరిగింది. అప్పట్నుంచి ఎండకి పక్కదుప్పటి పందిరేసి, చలికి కంబళ్ళు కప్పి, తీగ లాగి తొడిమ విరుగుతుందేమోనని వారానికోసారి తీగని మోకాళ్ళ మీద జరుపుతూ ఇంతదాకా తీసుకొచ్చింది.

*

శుక్రవారం మధ్యాహ్నం పక్క పొలం రెజీ వీనో ట్రాక్టరుకి ఇనప చెయ్యి తగిలించుకుని వచ్చాడు. శనివారం కాటా, ఆదివారం చెరువు. థాంక్స్‌గివింగ్ పండక్కి, అక్టోబరు రెండో వారంలో, ఆ ఊళ్ళో తరతరాలుగా అదే వరస. తూచిన కాయల్ని తొలిచి, అందులో కూర్చుని చెరువు దాటుతారు. వరసగా నాలుగేళ్ళు అవతలి గట్టు ముందు చేరింది రెజీయే. అతని నోటికి తలుపు ఉండదు.

కాయ చుట్టూ పట్టీలు బిగిస్తుంటే ఎల్వా వెనకే తిరిగింది. "గట్టిగా లాగకు రెజీ. ఆ పక్క నొక్కుకుంటోంది. పట్టీ తెగితే? ట్రాక్టరు వెనక్కి జారితే?"

"నిన్ను కూడా పట్టీల్లో కట్టి పైకెత్తమంటావా ఎల్వా? కాయకి తోడుగా ఉంటావు."

"నవ్వు. తెగినప్పుడు నవ్వుదువుగాని."

కాయ మెల్లగా నేల వదిలింది. అడుగున ఇసుక అంటుకుని, ఎన్నాళ్ళో వెలుగు చూడని లేత పసుపు బుగ్గ కనిపించింది. ఎల్వా పమిట లాంటి ఉన్ని శాలువా కొంగుతో దాన్ని తుడిచింది, పిల్ల మూతి తుడిచినట్టు. మిల్లు నుంచి అప్పుడే వచ్చిన డెల్బర్ట్ ట్రక్కులో గడ్డి సర్దాడు. కాయ కూర్చుంటే ట్రక్కు మూలిగింది.

"అవునూ," అన్నాడు రెజీ చేతులు దులుపుకుంటూ. "ఈ కాయకి పువ్వు కట్టింది నువ్వేనటగా? డెల్బర్ట్ మిల్లులో చెప్పాడు. అంటే ఆదివారం చెరువులోకి దిగేది నువ్వన్నమాట!"

ఎల్వా చేతిలోని దుప్పటి నేలమీద పడింది.

ఆ ఊళ్ళో పొలం ఎవరిదైనా, విత్తనం ఎవరిదైనా, పువ్వు కట్టిన చెయ్యే కాయకి సొంతం. కాటా మీద తూచే క్లైడ్ వెంట్జెల్ కాయ మీద అరచెయ్యి వేసి "ఎవరి చెయ్యి?" అని అడుగుతాడు. నాదన్నవాళ్ళే తెడ్డు పట్టాలి. ఈ సంగతి పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఎల్వాకి తెలుసు. కానీ కాయ పగులుతుందేమోనన్న భయం ఎంత పెద్దదంటే, పగలకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి దాని వెనక చోటే మిగల్లేదు.

"నేనా?" అంది. "నాకు స్నానాల తొట్టిలో నీళ్ళు మోకాలు దాటితేనే గుండె జారిపోతుంది."

"మరేం పర్లేదు, మునిగితే గుమ్మడికాయ పట్టుకుని వేలాడు. అది మునగదు," అని రెజీ ట్రాక్టరెక్కాడు.

డెల్బర్ట్ భార్య ముఖం చూశాడు. కింద పడ్డ దుప్పటి తీసి, మడిచి, చేతికిచ్చాడు.

*

శనివారం పొద్దున సంతపాకలో పొగమంచూ కాఫీ వాసనా కలిసిపోయి ఉన్నాయి. పాకలో వరసగా గడ్డి మీద కాయలు. కొన్ని బూడిద రంగు, కొన్ని గులాబి, కొన్ని అణిగి అట్టులా పరుచుకున్నవి. క్లైడ్ వయసు ఎనభై పైమాటే. కర్రకి అద్దం కట్టి, వంగకుండానే కాయ అడుగు చూస్తాడు. లోపలి డొల్లదాకా సూది పట్టే కన్నం కనిపించినా ఆ కాయ పోటీలోంచి పోయినట్టే.

ఎల్వా టెస్సా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "కన్నం ఉంటుంది. అడుగు నేను సరిగా చూడలేదు. ఎలుక కన్నం."

"అమ్మా, నా చెయ్యి విరుగుతుంది, అది చూడు ముందు."

అద్దం ఒక చుట్టు తిరిగింది. క్లైడ్ చూపుడు వేలితో కాయని రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విన్నాడు. తలాడించాడు. ఇనప చెయ్యి కాయని కాటా మీద దించింది. ముల్లు తిరిగి, వణికి, ఆగింది. ఆ కాటా మీద అంత బరువు ఎన్నడూ నిలవలేదు.

క్లైడ్ కాయ మీద అరచెయ్యి వేశాడు. "ఎవరి చెయ్యి?"

ఎల్వా నోరు తెరుచుకుంది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్ళ ముందు చెరువు, నల్లటి నీళ్ళు.

"నాది," అన్నాడు డెల్బర్ట్.

చప్పట్లు సంతపాక రేకులకి కొట్టుకుని తిరిగొచ్చాయి. రెజీ కనుబొమలు పైకి లేచాయి గానీ, ఎప్పుడూ మూతపడని ఆ నోరు ఎందుకో మూతపడింది. క్లైడ్ నల్లబల్ల తుడిచి, సుద్దముక్కతో పైవరసలో రాశాడు: డెల్బర్ట్ హర్టిల్. జనం డెల్బర్ట్ వీపు తట్టారు. "ఆగస్టులో పేలినదానికి వడ్డీతో సహా వసూలు చేశావయ్యా!" అన్నారు. ఎల్వా కూడా చప్పట్లు కొట్టింది. తీగ నూగు గీరుకుని గరుకెక్కిన అరచేతులు. వాటి చప్పుడు ఆమెకే వినిపించలేదు.

ముగ్గురూ ఇంటికొచ్చారు. శనివారం రాత్రికి ఎప్పట్లాగే పొద్దుట్నించీ పొయ్యిలో మగ్గిన బీన్సు, నల్లరొట్టె. టెస్సా చెంచా పట్టుకోలేదు.

"నాన్నా, నువ్వు అబద్ధం చెప్పావు."

డెల్బర్ట్ రొట్టె తుంచుతూ ఆగాడు. "మీ అమ్మ ముఖం చూశావా అక్కడ? తెల్లగా పాలిపోయింది. నాదంటే గొడవ లేదు, రేపు నేను దిగుతాను, ఇవాళ అందరం నిద్రపోతాం. అంతే అనుకున్నాను."

"అమ్మని అడిగావా?"

డెల్బర్ట్ భార్య వైపు తిరిగాడు. "ఏం ఎల్వా? తప్పు చేశానా?"

ఎల్వా లేచి గిన్నె మీద మూత పెట్టింది. అంట్లు తోముకుని, ఆరబెట్టి, వెళ్ళి పడుకుంది. కాయ ఇప్పుడు సంతపాకలో ఉంది, కప్పాల్సిన దుప్పట్లన్నీ ఇంట్లోనే ఉన్నాయి. అయినా మంచం మీద వాటిలో ఒక్కటి కూడా కప్పుకోలేదు.

*

ఆదివారం పొద్దున టెస్సా కాలెండరు కాగితం చింపి, ఆశగా తల్లి వైపు చూసి చదివింది. "సముద్రపు నీటికుక్కలు నిద్రలో అలలకి కొట్టుకుపోకుండా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పడుకుంటాయట."

ఎల్వా కెటిల్లోంచి టీ పోసింది.

"అమ్మా, విన్నావా? చేతులు పట్టుకుని."

ఎల్వా పాలు కలిపింది.

"పట్టు జారితే అని అడగవా?"

ఏమీ లేదు. టెస్సా కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఏడాదంతా కోరుకున్న గెలుపు ఇదే. గెలిచినట్టు మాత్రం లేదు.

"గాలి లేచింది," అన్నాడు డెల్బర్ట్ కిటికీ దగ్గర నిలబడి, భార్యకి వినబడేలా. "చెరువు నీళ్ళు ఎముకలు కొరికేలా ఉంటాయేమో." ఒక చూపు చూశాడు. "నాకు ఈత కూడా అంతంతమాత్రం."

ఎల్వా రొట్టె కోసి పొట్లం కట్టింది.

డెల్బర్ట్ కూతురి చెవిలో అన్నాడు, "మీ అమ్మ దేనికీ భయపడటం లేదు. నాకు భయంగా ఉంది."

చెరువు గట్టు మీద అప్పటికే రంపాల చప్పుడు. కాయల పై మూతలు కోసి, జనం భుజాల దాకా చేతులు దూర్చి గుజ్జు తోడుతున్నారు. గడ్డి మీద గింజలూ పీచూ జారుడుగా ఉన్నాయి. డెల్బర్ట్ మూత కోసి పక్కన పెట్టగానే ఎల్వా స్వెటరు చేతులు పైకి మడిచి లోపలికి వంగింది. పెద్ద గరిటెతో గోడలు గీకింది. పచ్చి గుమ్మడి వాసన, దోసకాయకీ తడిమట్టికీ మధ్య వాసన, ముఖమంతా పట్టింది. గింజలు ఒక్కటి కూడా నేలపాలు కాకుండా బకెట్లో వేసింది. బొటనవేలితో గోడ మందం చూసుకుంటూ, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపింది.

రెజీ తన కాయకి మీసాలు రంగేసి, పక్కన నిలబడ్డాడు. "ఏం ఎల్వా, ఇవాళ ఒక్క శాపనార్థమూ లేదా? నాకేదో వెలితిగా ఉంది. కనీసం నువ్వు మునిగిపోతావు రెజీ అని ఒక్కసారి అను."

ఎల్వా గరిటె దులిపింది.

నలుగురు పట్టి కాయల్ని నీళ్ళలోకి దొర్లించారు. ఎల్వా కాయ ఒకసారి మునిగినట్టే మునిగి, తేలి, అణిగిన పక్కకి ఒరిగి ఊగింది. డెల్బర్ట్ లైఫ్ జాకెట్ తొడుక్కున్నాడు. కాటా దగ్గర ఒకసారి, నీళ్ళ దగ్గర ఒకసారి అడగడం ఆనవాయితీ. క్లైడ్ మోకాళ్ళదాకా బూట్లేసుకుని నీళ్ళలో నడుస్తూ, ఒక్కో కాయ మీదా చెయ్యి వేసి అడుగుతున్నాడు. నాది. నాది. రెజీ "ఇంకెవరిది?" అని నవ్వించాడు. క్లైడ్ చివరి కాయ దగ్గరికి వచ్చాడు.

"ఎవరి చెయ్యి?"

డెల్బర్ట్ పెదవులు కదిలాయి, ఆగాయి. నీళ్ళ అంచున నిలబడ్డ భార్య చేతులు చూశాడు. మోచేతుల దాకా నారింజ రంగు పీచు అంటుకుని ఉంది.

"క్లైడ్, నిన్న నేను తప్పు చెప్పాను," అన్నాడు. "ఈ పువ్వు కట్టింది నేను కాదు. ఎవరో నేను చెప్పకూడదు. ఆ చెయ్యే చెప్పాలి."

లైఫ్ జాకెట్ విప్పి, ఇద్దరి మధ్యా గడ్డి మీద పెట్టాడు.

ఎల్వా బూట్లు విప్పింది. మేజోళ్ళు విప్పి, చుట్టి, ఒక్కో బూటులో ఒక్కోటి దోపింది. రెండూ పక్కపక్కన సరిగ్గా పెట్టింది. లైఫ్ జాకెట్ తీసి స్వెటరు మీద తొడుక్కుని, పట్టీ బిగించి, విప్పి, మళ్ళీ బిగించింది. నీళ్ళలో కాలు పెట్టి "హమ్మా" అన్నట్టు నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు. డెల్బర్ట్ ఒక చెయ్యి, టెస్సా ఒక చెయ్యి పట్టుకుంటే కాయలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చుంది.

"నోటితో చెప్పాలి తల్లీ," అన్నాడు క్లైడ్.

ఎల్వా తెడ్డు అడ్డంగా పట్టుకుని చూస్తోంది.

"ఎక్కింది కదా తాతా, ఇంకేం చెప్పాలి!" అని అరిచింది టెస్సా.

"ఎక్కడం వేరు, చెప్పడం వేరు." క్లైడ్ తెల్లగడ్డం గోక్కున్నాడు. "సరే. అవతలి గట్టున అడుగుతాను. నా ట్రక్కు నీకంటే ముందే చేరుతుందిలే."

పోటీ మొదలుకి ఈల వేశారు.

మొదటి తెడ్డుకి కాయ ముందుకి పోలేదు. కుండలో గరిటె తిప్పినట్టు ఉన్నచోటే గిర్రున తిరిగింది. గట్టు కనిపించింది, చెరువు కనిపించింది, మళ్ళీ గట్టు కనిపించింది. జనం విరగబడి నవ్వారు. ఎల్వా కళ్ళు మూసుకుంది. ఇప్పుడు బోల్తా పడుతుంది. ఇప్పుడు. ఇదిగో, ఇప్పుడు. మోకాళ్ళ కింద చల్లటి గుజ్జు, రెండు పక్కలా మందపాటి గోడ. మునగలేదు. ఇప్పుడు మునుగుతుంది. మునగలేదు.

కళ్ళు తెరిచింది. అణిగిన పక్కకి కాయ ఒరుగుతోంది. జూలై నుంచీ ఆ పక్కకే ఒరిగేది, అటే ఇసుక ఎక్కువ పోసేది తను. ఎల్వా బరువు ఇవతలికి జరుపుకుని కూర్చుంది. కాయ నిలబడింది. తెడ్డు ఇటొకటి, అటొకటి. ఇటొకటి, అటొకటి. తిరగడం ఆగి, ముసలి ఆవు మేతకి కదిలినట్టు, కాయ ముందుకి కదిలింది.

నీళ్ళ మధ్యలో మీసాల కాయ అడ్డం తిరిగి ఉంది. వెనక్కి చూసి చేతులూపబోయి రెజీ బోల్తా పడ్డాడు. నాలుగేళ్ళ వీరుడి టోపీ ఒకవైపు, తెడ్డు ఒకవైపు తేలుతున్నాయి. అతను కాయని కౌగిలించుకుని పళ్ళు టకటకలాడిస్తూ అన్నాడు, "ఎల్-ఎల్వా, నీళ్ళేం చ-చల్లగా లేవు!"

ఎల్వాకి నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. నవ్వితే కాయ ఊగింది, ఊగితే భయమేసింది, భయమేస్తే ఇంకా నవ్వొచ్చింది. నవ్వుతూనే తెడ్డు చాచింది. రెజీ తల అడ్డంగా ఊపి, రక్షక పడవ వైపు చూపించాడు. "నువ్వు పో! నా మీసాల పరువు నువ్వైనా నిలబెట్టు!"

చుట్టూ నీళ్ళు వెండి రేకులా ఉన్నాయి. తనకీ ఆ నీళ్ళకీ మధ్య ఉన్నది తను పెంచిన గోడ ఒక్కటే. రాత్రిళ్ళు దుప్పటి కప్పి, పగళ్ళు నీడ పట్టి, పగులుతుందేమో పగులుతుందేమో అని అరచేతులతో తడిమి తడిమి పెంచిన గోడ. అది పగలలేదు. గట్టు వెంబడి టెస్సా తల్లి బూట్లు చేత పట్టుకుని పరిగెడుతోంది. వెనక డెల్బర్ట్ గింజల బకెట్ మోసుకుంటూ, ఒగరుస్తూ. బకెట్ అక్కడే వదిలెయ్యొచ్చు కదా అనుకుంది ఎల్వా. వదిలితే ఎవరైనా తన్నేస్తారు, మంచిపని చేశాడు.

అందరికంటే ఆఖరున చేరింది. ముందు చేరినవాళ్ళు కంబళ్ళు కప్పుకుని నీళ్ళలోకి దిగి మరీ కేకలేస్తున్నారు. కాయ ఇసుకలో గుచ్చుకుని ఆగింది. క్లైడ్ నల్లబల్లని ట్రక్కుకి ఆనించి నిలబెట్టాడు. నీళ్ళలోకి నడిచి వచ్చి, తడి కాయ మీద అరచెయ్యి వేశాడు.

"ఎవరి చెయ్యి?"

ఎల్వా ఒగర్చింది. చెరువు వైపు తిరిగి చూసింది. అంత నీరు. కాయ అంచు మీద పరిచి ఉన్న తన చేతుల్ని చూసుకుంది. టెస్సా బూట్లు గుండెకి హత్తుకుని నిలబడింది. డెల్బర్ట్ బకెట్ కింద పెట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. క్లైడ్ తొందరపడలేదు. గాలికి కాయ మెల్లగా ఊగి, మళ్ళీ ఇసుకకి తగిలింది.

"నాది," అంది ఎల్వా.

క్లైడ్ నల్లబల్ల దగ్గరికి నడిచాడు. పైవరస చొక్కా చేతితో తుడిచి సుద్దముక్క ఎత్తాడు.

"సుద్దముక్కతో వద్దు క్లైడ్," అంది ఎల్వా. "అటు చూడు, ఎంత మబ్బు పట్టిందో. వానొస్తే చెరిగిపోతుంది. పెయింటుతో రాయి."